నూటికి రెండు రూపాయలు

మా ఊళ్లో వడ్డీని శాతాల్లో చెప్పరు. రెండు రూపాయలు అంటారు, మూడు రూపాయలు అంటారు. 'నూటికి', 'నెలకు' అనే మాటలు పైకి రావు, అందరికీ తెలుసు కాబట్టి. పన్నెండుతో గుణిస్తే ఏడాది లెక్క వచ్చేస్తుంది. రెండు రూపాయలంటే 24 శాతం, మూడంటే 36. మహిళా సంఘాల కోసం 'పావలా వడ్డీ' అని పథకానికి పేరు పెట్టిన వాళ్లెవరో గానీ ఊళ్లో కూర్చుని ఆలోచించినట్టున్నారు. ఏడాదికి మూడు శాతం అని ఉంటే మా అమ్మ ఇంకోసారి అడిగేది.

ఈ భాషలో ఒక సుఖం ఉంది. అందులో ఏదీ దాగదు. హైదరాబాద్‌లో నేను వాడిన క్రెడిట్ కార్డు మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఈ సంగతి బ్యాంకు వాళ్ల కాగితంలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మా ఊరి భాషలోకి మారిస్తే నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీ. ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు బాపు అన్నం తినడం ఆపి నా మొహం చూశాడు. "నాలుగు రూపాయలా? మనూళ్లె నాలుగు రూపాయలకు ఇచ్చెటోని దగ్గరికి సుత ఎవ్వడు పోడు బిడ్డా."

మాది ధర్మసాగర్. హనుమకొండ నుంచి దగ్గరే. దేవాదుల నీళ్లు వచ్చి పడే పెద్ద చెరువు ఉన్న ఊరు. ఆ చెరువు నీళ్లు పట్నం వాళ్లు తాగుతారు. మాకున్నది ఎకరం ముప్పై గుంటలు, ఇంకో రెండెకరాలు కౌలు. పత్తి, కొంచెం వరి, రెండు బర్రెలు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను, చేతికి 46 వేలొస్తాయి. అక్క పెళ్లయి వెళ్లిపోయింది, తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. అప్పుల విషయంలో మా ఇల్లు ఊళ్లో మిగతా ఇళ్లలాంటిదే, ప్రత్యేకమేమీ లేదు.

2024 సంక్రాంతికి నలుగురం కూర్చుని మొత్తం బాకీ ఎంతో ఒక కాగితం మీద రాశాం. అంతకు ముందు ఆ పని ఎవరూ చేయలేదు. బాపుకు తన నోట్లు తెలుసు, అమ్మకు తన సంఘం లెక్క తెలుసు, నాకు నా కార్డు తెలుసు. ఎవరి బరువు వాళ్ల దగ్గర ఉంది. మధ్యతరగతి ఇళ్లలో ఒకరి జబ్బు సంగతి ఇంకొకరికి చెప్పకుండా దాచినట్టు అప్పును కూడా దాస్తారు. అందులో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది.

కాగితం మీదికి వచ్చినవి ఇవి. అక్క పెళ్లికి తీసుకున్న నోటు మూడు లక్షలు, రెండు రూపాయల వడ్డీ, ఇచ్చింది బాపుకు మేనమామ వరుసయ్యే ఆయన. బోర్ల కోసం వరంగల్‌లో ఒక దుకాణం దగ్గర రాసిన నోటు లక్ష, మూడు రూపాయలు. మొదటి బోరులో నీళ్లు పడలేదు, రెండోదాంట్లో పడ్డాయి, వడ్డీ మాత్రం రెంటికీ నడుస్తోంది. అమ్మ నగలు, నాలుగు తులాలు, కుదువలో ఉన్నాయి, వాటి మీద లక్షా అరవై వేలు, రూపాయి వడ్డీ. బ్యాంకులో పంట రుణం లక్షా ఇరవై వేలు. అమ్మ మహిళా సంఘం నుంచి తీసుకున్నది డెబ్బై అయిదు వేలు. బాపుకు స్టెంట్ వేసినప్పుడు నా కార్డు మీద గీకింది 92 వేలు. చివరగా నలభై వేల చేబదులు. ఆస్పత్రిలో చేర్చిన రాత్రి బాపు స్నేహితుడు అడక్కముందే తెచ్చి చేతిలో పెట్టింది. దానికి వడ్డీ లేదు, కాగితం లేదు.

మొత్తం ఎనిమిది లక్షల ఎనభై ఏడు వేలు. నెలకు వడ్డీ ఒక్కటే ఇంచుమించు పదహారు వేలు.

అంకె చూసి అమ్మ ఏడుస్తుందనుకున్నా. ఆమె "గంతేనా, నేను ఇంకెక్కువనుకున్న" అని పాలు పిండడానికి లేచి వెళ్లింది.

ఆ మూడు లక్షల నోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తెలుగు పల్లెల్లో అప్పు ఎలా పెరుగుతుందో అందులో మొత్తం ఉంది. 2019లో తీసుకున్నది నిజానికి రెండు లక్షలే. ప్రామిసరీ నోటుకు చట్టం ప్రకారం మూడేళ్లే ప్రాణం. ఆ లోపు బాకీ తీరకపోతే, కోర్టుకు పోయే హక్కు పోకుండా, అప్పిచ్చినాయన మళ్లీ నోటు రాయించుకుంటాడు. దీన్ని మావైపు నోటు తిరగరాసుడు అంటారు. మొదటి మూడేళ్లలో వడ్డీ లక్షా నలభై నాలుగు వేలైతే బాపు కట్టగలిగింది నలభై నాలుగు వేలు. మధ్యలో కరోనా. 2022లో తిరగరాసినప్పుడు ఆ మిగిలిన లక్ష అసలులో కలిసింది. రెండు మూడైంది. అప్పటిదాకా నాలుగు వేలున్న నెల వడ్డీ ఆరు వేలైంది. కొత్త స్టాంపు అతికించి, దాని మీద కొత్త సంతకం పెట్టి, ఇద్దరూ చాయ్ తాగి విడిపోయారు. చక్రవడ్డీ అనే మాట అక్కడ ఎవరి నోటా రాలేదు.

ఇది కూడా రాయకపోతే అన్యాయం. ఆ మేనమామ చెడ్డ మనిషి కాదు. అక్క పెళ్లిలో పెద్దరికం చేసింది ఆయనే. ఊళ్లలో అప్పు ఇచ్చేవాడిని సినిమా షావుకారుగా చూడడం పట్నం వాళ్లకు సులువు. కాకతీయుల కాలం నాటి బద్దెన రాశాడని చెప్పే సుమతీ శతకంలో, ఉండదగిన ఊరికి కావలసినవాటిని లెక్కపెడుతూ అప్పిచ్చేవాడిని వైద్యుడి కంటే ముందు చెప్పాడు కవి. మా బాపు ఆస్పత్రి రాత్రి చూస్తే ఆ వరసే సరైందనిపిస్తుంది. వైద్యుడి దాకా పోవాలన్నా ముందు చేతిలో డబ్బుండాలి.

కాగితం రాయడం ఒక ఎత్తు, ఏది ముందు తీర్చాలనేది ఇంకో ఎత్తు. అసలు గొడవ అక్కడ వచ్చింది.

నా లెక్క సూటిగా ఉంది. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు. కార్డు, తర్వాత మూడు రూపాయల నోటు, తర్వాత రెండు రూపాయలది. వడ్డీ లేని చేబదులు అన్నిటికంటే చివర. అమెరికాలో ఈ పద్ధతికి 'అవలాంచ్' అని పేరు. చిన్న బాకీని ముందు తీర్చేసి, ఆ ఊపుతో పెద్దవాటి మీదికి పోవడాన్ని 'స్నోబాల్' అంటారు. దాన్ని ప్రచారం చేసి డేవ్ రామ్సే అనే ఆయన చాలా పేరు తెచ్చుకున్నాడు. రెంటికీ మంచు పేర్లే. ధర్మసాగర్ ఎండల్లో పత్తి ఏరే మనిషికి ఇవి చెబితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

బాపు పద్ధతి రెండూ కాదు. ఆ నెలలోనే పత్తి డబ్బులొచ్చాయి. మేనమామకు ఏడాది వడ్డీ 72 వేలు ఇచ్చాక, నాతో ఒక్క మాటైనా అనకుండా ఆ నలభై వేల చేబదులు తీర్చి వచ్చాడు. నాకు కోపమొచ్చింది. అవే నలభై వేలు మూడు రూపాయల నోటుకు కట్టి ఉంటే నెలకు పన్నెండు వందలు మిగిలేవి అని ఫోన్‌లో లెక్క చూపించాను. బాపు వింటూ కూర్చుని చివర్లో ఒక్క మాటన్నాడు.

"నోటు మీద సంతకం ఉన్నది బిడ్డా, అది ఆగుతది. ఆయన దగ్గర నా సంతకం లేదు, నా మొకమే ఉన్నది. రోజు చాయ్ హోటల్ కాడ కనవడుతడు."

నేను నా ఫోన్‌లోని పట్టికలో ఆ పన్నెండు వందల్ని 'మర్యాద ఖర్చు' అని రాసుకున్నాను. లెక్క ప్రకారం నేను చెప్పిందే సరి, ఇప్పటికీ అదే అంటాను. కానీ జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు పాతికవేలు తక్కువ పడినప్పుడు ఆ స్నేహితుడే మళ్లీ ఇచ్చాడు, వడ్డీ లేకుండా. అవి దొరక్కపోతే బాపు వరంగల్ దుకాణానికే పోయేవాడు, ఇంకో మూడు రూపాయల నోటు పుట్టేది. బ్యాంకులు దీన్ని ఓవర్‌డ్రాఫ్ట్ అంటాయి. పట్టికలో ఆ గడికి కొత్త పేరేం పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

ఖర్చుల దగ్గరికి వస్తే, డబ్బు నీళ్లలా పోయే చోటు మా ఇంట్లో కిరాణా కాదు, ఫంక్షన్లు. అక్క పెళ్లి కట్నాల పుస్తకం ఇంట్లో ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంటుంది. ఎవరు 516 రాయించారు, ఎవరు 1,116, ఎవరు బట్టలు పెట్టారు, అన్నీ ఉంటాయి. పైకి అది కానుకల పట్టీ, నిజానికి అదీ అప్పుల పుస్తకమే. ఆ ఇంట్లో పెళ్లయినప్పుడు తిరిగి రాయించాలి, అదీ కొంచెం ఎక్కువేసి. ఎప్పుడు కట్టాలో మనం నిర్ణయించలేం, ముహూర్తాలు నిర్ణయిస్తాయి. ఒక్క మాఘమాసంలోనే మా ఇంటికి పదకొండు పత్రికలొచ్చాయి. ఈ పద్దును తగ్గిద్దామంటే బాపు ససేమిరా అన్నాడు. తగ్గించింది అమ్మే. తన అక్కచెల్లెళ్లు ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇకనుంచి ఒకరికొకరం చీరలు పెట్టుకోవద్దు, చేతిలో అయిదు వందలు పెట్టుకుంటే చాలని ఒప్పందం చేసింది. ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారట. ఎవరో ఒకరు ముందు అనాలని అందరూ ఏళ్లుగా ఎదురుచూస్తున్నారన్నమాట.

ఆ ఫిబ్రవరిలోనే మేడారం జాతర. పోవద్దని అనే ధైర్యం నాకు లేదు, అనాలనీ లేదు. అమ్మవార్లకు నిలువెత్తు బెల్లం తూకం వేసి ఇస్తారు, బాపు ఆరోగ్యానికి అమ్మ మొక్కుకుంది. ఆ బెల్లాన్ని అక్కడ బంగారం అనే పిలుస్తారు. అసలు బంగారం కుదువలో ఉండగా బాపు ఎత్తు బంగారం కొనుక్కుని బస్సెక్కాం. అమ్మకు ఇందులో నవ్వాల్సింది ఏమీ కనబడలేదు, నేనే కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

అమ్మ లెక్కలు రాసేది గోడ క్యాలెండర్ మీద. పాలు పోసిన లీటర్లు, సంఘం కిస్తీ తేదీ, దాణా బస్తా ఎప్పుడు తెచ్చిందీ, అన్నీ ఆ గడుల్లోనే. సంఘం కిస్తీ ఆమె ఏ నెలా తప్పలేదు. ఎందుకంత పట్టుదల అని అడిగితే 2010 సంగతి చెప్పింది. అప్పుడు నేను బడిలో ఉన్నాను. మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వారం కిస్తీలతో గల్లీల్లో తిరిగిన రోజులు. ఒక కంపెనీ బాకీ కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం, ఎవరైనా కట్టలేకపోతే గుంపులో మిగతా ఆడవాళ్లే వాళ్లింటి ముందు కూర్చోవడం. ఆ అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు రాష్ట్రమంతటా వచ్చాయి, వాటిలో మన వరంగల్ జిల్లా పేరూ ఉంది. 2010 ఆగస్టులో ఆ రంగంలోని ఒక పెద్ద కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్లింది. అక్టోబర్ 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కిస్తీలు వద్దు, నెలకోసారే. ఇళ్ల ముందుకు పోవద్దు, పంచాయతీ ఆఫీసు లాంటి చోటే వసూలు. వడ్డీ అసలును మించకూడదు.

ఆ చివరి నియమం మన పాత ధర్మశాస్త్రాల్లోనే ఉంది. వడ్డీ ఎంత పెరిగినా మొత్తం బాకీ అసలుకు రెట్టింపు దగ్గర ఆగాలి, దానికి దామ్‌దుపట్ అని పేరు. మా నోటును దీంతో కొలిచి చూశాను. తీసుకున్న అసలు రెండు లక్షలు. ఆరేళ్లలో చేతి నుంచి పోయిన వడ్డీ, అసలులో కలిసిన వడ్డీ కలిపితే మూడు లక్షల అరవై వేలు. కానీ ఆ ఆర్డినెన్స్ కంపెనీల కోసం, మేనమామల కోసం కాదు.

"గా వారం వాళ్లు రాలే, మల్ల వారం సుత రాలే" అంటుంది అమ్మ, ఆ ఆర్డినెన్స్ రోజుల గురించి. "ఊరంత నిమ్మళమైంది. కని అటెనక బర్రెను కొందమన్నా ఎవ్వరు ఇయ్యకపాయె. మల్ల నోట్లే." ఆ రెండో సగాన్ని నేను చదివిన వ్యాసాల్లో కంటే అమ్మ దగ్గరే బాగా విన్నాను. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు 2022 నియమాల ప్రకారం మైక్రోఫైనాన్స్ తీసుకునే ఇంటి మొత్తం కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. మంచి నియమమే. అయితే ఆ ఇంటి బీరువాలోని ప్రామిసరీ నోట్లు ఏ కంప్యూటర్‌లోనూ కనబడవు.

జులై 30న రుణమాఫీ రెండో విడతలో మా పంట రుణం లక్షా ఇరవై వేలూ మాఫీ అయింది. ఇంట్లో పండగే. సంతోషం తగ్గించడం నా ఉద్దేశం కాదు గానీ, మా కాగితం మీద వడ్డీ ఉన్నవాటిలో అతి చవకైన అప్పు అదే. సకాలంలో కడితే రాయితీ పోను ఏడాదికి నాలుగు శాతం, అంటే నూటికి ముప్పై మూడు పైసలు. ప్రభుత్వం ముప్పై మూడు పైసల అప్పు తీర్చగలదు, మూడు రూపాయల అప్పు దానికి కనబడదు. సొంత భూమి లేని కౌలురైతుకు ఆ ముప్పై మూడు పైసల అప్పు పుట్టడమే కష్టం, కాబట్టి మాఫీ కావడానికీ ఏమీ ఉండదు.

కార్డు సెప్టెంబర్‌లో తీరింది. నెలకు పదిహేను వేలు, ఎనిమిది నెలలు. కార్డు వాళ్లు కట్టమని పెద్దక్షరాల్లో చూపించే కనీస మొత్తం 4,600 మాత్రమే, అందులో వడ్డీకి పోను అసలుకు పోయేది ఎనిమిది వందలు. మీలో ఎవరైనా ఆ పెద్దక్షరాల అంకెను నమ్మి కడుతుంటే, ఈ రాత్రికి ఒకసారి కూర్చుని గుణించండి.

తర్వాత మూడు రూపాయల నోటు. తమ్ముడు పది గుంటలు అమ్మేద్దామన్నాడు. హనుమకొండ పెరిగి మా వైపు వస్తోంది, ప్లాట్ల బ్రోకర్లు తిరుగుతూనే ఉంటారు. బాపు జవాబు చెప్పకుండా తువాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. వారం రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. నవంబర్‌లో ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, కుదువలో ఉన్న నగలు విడిపించి అమ్మేస్తున్నానంది. తల్లిగారు పెట్టిన నగలవి. నేను వద్దన్నాను. అక్క వద్దంది. ఏటేటా వడ్డీ కట్టి మళ్లీ మళ్లీ అక్కడే పెడుతున్న నగలను తన మెడలో చూసుకోక మూడు పండగలైందని, లేని నగకు కిరాయి కడుతున్నట్టుందని అంది. ధర బాగా ఉన్న సమయం. తరుగు పోను రెండు లక్షల అరవై అయిదు వేలొచ్చాయి. కుదువ బాకీ తీరగా మిగిలిన లక్షా అయిదు వేలతో వరంగల్ దుకాణం నోటు తీరింది. ఆ రోజు నుంచి బాపు ఆమెతో మాట్లాడేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి మాట్లాడుతున్నాడు. ఇది నాకే అనిపిస్తోందేమో అనుకుని అక్కను అడిగాను, ఆమెకూ అలాగే అనిపించిందట.

ఇక పెద్ద నోటు. 2025 మొదట్లో దాన్ని మళ్లీ తిరగరాయాలి. నా జీతం మీద బ్యాంకు పర్సనల్ లోన్ 15 శాతానికి ఇస్తోంది. బాపుకు మా భాషలో చెప్పాను: రూపాయి పావలా వడ్డీ. ఆయన ఆశ్చర్యపోయాడు గానీ ఒప్పుకోలేదు. "ఊళ్లె అప్పు పంట దాక ఆగుతది, బ్యాంకు అప్పు అయిదో తారీఖు దాకనే ఆగుతది" అన్నాడు. అది నిజం. రెండు రూపాయలకూ రూపాయి పావలాకూ మధ్య ఉన్న ముప్పావలా, ఆ ఆగినందుకు కట్టే ధర. వాన మీద బతికే ఇంటికి ఆ ధర గిట్టుబాటు కావచ్చు. నెల జీతం మీద బతికే నాకు అక్కర్లేదు. అయితే అప్పు బాపు పేరు నుంచి నా పేరు మీదికి వస్తుంది. నాకు సంబంధాలు చూస్తున్నారు. వచ్చేవాళ్లకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ. చెప్పాలన్నదే నా మాట. ఇప్పటికి ఇద్దరికి చెప్పాం. ఒకరు మళ్లీ ఫోన్ చేయలేదు.

జనవరిలో మూడు లక్షలు పట్టుకుని మేనమామ ఇంటికి వెళ్లాం. ఆ ఏడాది వడ్డీ పత్తి డబ్బుల్లోంచి అప్పటికే ఇచ్చేశాం. ఆయన సంతోషపడతాడనుకున్నాను. "అంత తొందరేమొచ్చిందే బిడ్డా, నేనేమన్న అడిగిన్నా" అన్నాడు చిన్నబోయి. నెలకు ఆరు వేలు వచ్చే దారి మూసుకుపోతోంది మరి. ఆయనకూ వయసైంది, పింఛను లేదు, మా వడ్డీయే పింఛను. నోటు తెచ్చి సంతకం దగ్గర చింపి బాపు చేతికిచ్చాడు. బాపు ఆ రెండు ముక్కలూ అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక పొయ్యిలో వేస్తాడనుకున్నాను, కట్నాల పుస్తకం మధ్యలో పెట్టి ట్రంకు పెట్టె మూశాడు.

నా కిస్తీ నెలకు పదివేల నాలుగు వందలు, ముప్పై ఆరు నెలలు. ప్రతి నెలా నాలుగో తారీఖు సాయంత్రం బాపు ఫోన్ చేస్తాడు. పొలం సంగతులు, బర్రె ఈనిన సంగతి, తమ్ముడి పరీక్షలు చెప్పి, పెట్టేసే ముందు అడుగుతాడు.

"రేపు అయిదో తారీఖు బిడ్డా. ఖాతాల పైసలున్నయా?"